అజాన్‌కు ముందరి సలాం

బుర్హాన్ సాహెబ్‌ను తలుచుకుంటే ఇప్పటికీ నాకు నాలుక కోసుకోవాలనిపిస్తుంది. చిక్కడపల్లిలో మా సందు చివర చిన్న మసీదులో ఆయన అజాన్ పిలిచేవాడు. పగలు ఆ మసీదు గోడ వారనే కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా ఎవరి గొడుగు విరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. నేను బందరు నుంచి కాపురానికొచ్చిన కొత్తలో, తెల్లవారుజామున నన్ను లేపింది ఆయన గొంతే.

మొదట మైకులో నెమ్మదిగా, ప్రవక్తకు దీవెనలు కోరే సలాం చదివేవాడు. మగతలో నాకది మా బందరు సముద్రం ఎక్కడో దూరంగా పలుకుతున్నట్టుండేది. లేచి కుంపటి రాజేసేదాన్ని. సలాం ముగిసి ‘అల్లాహు అక్బర్’ వినపడేసరికి నిప్పు అందుకునేది, కాఫీకి నీళ్లు పెట్టేదాన్ని. పదకొండేళ్లు అదే నా గడియారం.

అరవై తొమ్మిదిలో, ఊరంతా ప్రత్యేక రాష్ట్రం గొడవలతో అట్టుడికిపోతున్న రోజుల్లో, మసీదుకు కొత్త మౌల్వీ వచ్చాడు. చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఓ సాయంత్రం నా గొడుగు కోసం వెళితే గోడ దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. అజాన్‌కు ముందు మైకులో సలాం చదవొచ్చా, కూడదా అన్నది తగువు.

“సలాం చదువుడు మంచిదే చాచా,” అంటున్నాడు మౌల్వీ. “అజాన్‌కు జోడిస్తే అది గూడ అజానే అనుకుంటరు జనం. గదే నా ఫికర్.”

“ఎవరనుకుంటరు బేటా? అందరికెరికే,” అన్నాడు బుర్హాన్ సాహెబ్, నా గొడుగుకు ఊచ బిగిస్తూ. “మా అమ్మ నేర్పింది. అది చదవకుంటె నాకు గొంతు లెవ్వదు.”

నా నోరు ఊరుకుంటుందా? ఆయనను గెలిపించాలని మధ్యలో దూరాను.

“భలేవారండీ! పదకొండేళ్లుగా వింటున్నాను. అజాన్ మొదలయ్యేదే ఆ సలాంతో! అది తీసేస్తే మిగిలేది సగం అజానేగా!”

మౌల్వీ తల దించుకున్నాడు. బుర్హాన్ సాహెబ్ మాత్రం నవ్వి, గొడుగు నా చేతికిచ్చాడు.

“ఈ అమ్మ నిజం చెప్పింది. సలాం గూడ అజానే అనుకుంటున్నరు. ఇంక మైకుల చదవ.”

నా నోరు మండ! ఏం చేశానో అప్పుడు తెలిసింది.

మర్నాడు నేరుగా ‘అల్లాహు అక్బర్’ అని వినపడింది. కుంపటి చల్లగా ఉంది. దాని ముందు కూర్చుని ఏడ్చాను.

వారం తర్వాత సిగ్గు చంపుకుని వెళ్లాను. “నా వల్లే మీ సలాం పోయింది సాహెబ్ గారూ.”

“ఏడబోయిందమ్మా? మైకు పెట్టకముందే మెల్లగ చదువుకుంటున్న. చదివినంక జరసేపు ఆగుత, అప్పుడు అజాన్. మీరు పరేషాన్ గాకుండ్రి.”

ఆ మెల్లటి సలాం మా ఇంటిదాకా వినపడేది కాదు. అయినా ఆ వేళకు మెలకువ వచ్చేది. ఇప్పుడు చదువుతుంటాడనుకుని కుంపటి రాజేసేదాన్ని. నిప్పు అందుకునేసరికి అజాన్ మొదలయ్యేది. ఆయన బతికున్నన్నాళ్లూ ఒక్కరోజూ తప్పలేదు.