అద్దం అత్త తినుబండారాల పరీక్ష

మా ఆడపడుచు పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. పనంటే వచ్చినవాళ్లకు టోకెన్లు ఇవ్వడం, తోసుకొచ్చేవాళ్లను కూర్చోబెట్టడం, లోపల ఎవరైనా గట్టిగా అరిస్తే బయట రేడియో సౌండు పెంచడం. ఇంటికొచ్చాక మాత్రం ఆ డాక్టరే ఈవిడ దగ్గర చదువుకున్నట్టు మాట్లాడుతుంది. క్లినిక్‌లో పాతబడి మూల పడేసిన బుల్లి అద్దం ఒకటి, పొడుగాటి కాడతో, ఎప్పుడూ ఆవిడ చేతిసంచిలో ఉంటుంది. దారిలో ఏ పిల్ల కనిపించినా "ఏదీ, నోరు తెరువు" అంటుంది. వీధంతా ఆవిడను అద్దం అత్త అంటారు.

ఆవిడ మలుపు తిరిగిందంటే చాలు, కొట్టాయన చాక్లెట్ సీసాలకు అడ్డంగా బట్టల సబ్బులు పేర్చేస్తాడు.

"ఇన్ని సబ్బులున్నాయి, వాసన రావట్లేదేం తమ్ముడూ?" అంటుంది ఆవిడ.

"మీకు జలుబు చేసిందేమో అక్కా" అంటాడు అతను, తలెత్తకుండా.

మా ఆయన పోయాక, తమ్ముడి ఇల్లు బోసిగా ఉండకూడదని మా వదినగారు, అదే ఈ అద్దం అత్త, మా దగ్గరకు వచ్చేసింది. పెట్టె దించీ దించగానే వంటింటి అలమర మీద పడింది.

అప్పటికే మా గువ్వ సరిగ్గా తినడం మానేసింది. గువ్వంటే మా అమ్మాయి, రెండో తరగతి. ఆ పేరు వాళ్ల నాన్న పెట్టుకున్నదే. అన్నం పెడితే కెలికి లేచిపోయేది. బడి నుంచి రాగానే మా ఆయన దాని చేతిలో ఏదో ఒకటి పెట్టేవారు, ఇద్దరూ గుమ్మంలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తినేవారు. ఇప్పుడూ ఆ వేళకు వెళ్లి గుమ్మంలో కూర్చుంటుంది. అప్పుడేమైనా తింటే తిన్నట్టు, లేదంటే ఆ రోజుకు అంతే. గౌను భుజం మీద నిలవక జారిపోతుంటే పిన్నీసు పెట్టి బడికి పంపిస్తున్నాను.

సరిగ్గా ఆ వేళకే మా వదినగారి పరీక్ష మొదలయ్యేది.

ఏ చిరుతిండైనా ముందు ఆవిడ నోట్లో పడాలి. నమిలి, మింగి, గుక్కెడు నీళ్లు తాగి, నాలుక నోరంతా తిప్పి, అద్దం పెట్టుకుని చూసుకునేది. ఎక్కడైనా కాస్త మిగిలిపోతే అది పిల్లలకు పనికిరాదు. బిస్కెట్ పరీక్ష తప్పింది. ఎండుద్రాక్ష తప్పింది. అవి అంటుకునేవే కదా అని ఊరుకున్నాను. తర్వాత వేయించిన వేరుశనగలు తప్పాయి. క్యారెట్ తప్పింది. ఉడికించిన గుడ్డు కూడా తప్పింది. ఆవిడకు ఎదురు చెప్పే నోరు నాకు ఎప్పుడూ లేదు. గువ్వ గుమ్మంలో ఖాళీ చేతులతో కూర్చునేది.

ఆవిడ మాట మీద గురికొద్దీ వీధిలో తల్లులు కూడా డబ్బాలు మూసేశారు. ఒకరోజు ఎదురింటావిడ ఉండబట్టలేక అడిగేసింది.

"మరి ఏం పెట్టమంటారత్తా?"

"మంచినీళ్లు."

"నీళ్లలో నమలడానికేముంటుంది?"

"నమలకపోతే ఇంకా మంచిది, పన్ను అరగదు."

"మావాడు రాత్రి దుప్పటి అంచు నమిలాడు."

మా వదినగారు కాసేపు ఆలోచించింది. "నూలు దుప్పటేనా? అయితే ఫరవాలేదు."

ఆ మర్నాడు ఎదురింటావిడ ఒక చీజ్ ముక్క తెచ్చి, దీన్నైనా నెగ్గించండి అని పెట్టి వెళ్లింది. మా వదినగారు నమిలింది, మింగింది, నీళ్లు తాగింది, నాలుక తిప్పింది. తిప్పుతుంటే నోట్లో టక్కుమని చప్పుడైంది.

"అత్తా, నీ పళ్లు కదిలాయి" అంది గువ్వ గుమ్మంలోంచి.

ఆవిడ ఠక్కున నోరు మూసేసింది. ఇన్నేళ్లలో నాకూ తెలియదు. గువ్వ లేచి వచ్చి, ఆవిడ చేతిలోని అద్దం తీసుకుంది.

"ఏదీ, నోరు తెరువు."

వీధిలో పిల్లలందరికీ చెప్పిన మాట, తను కాదనడానికి లేదు. కింది వరస కట్టుడుపళ్లు తీసి గిన్నెలో పెట్టింది. వాటి అడుగున చీజ్ ఉంది, పొద్దున్న తిన్న రొట్టె కూడా ఉంది.

"అన్నీ దీని కిందే దూరుతున్నాయి. మా పళ్లకు అడుగు ఉండదు కదత్తా" అంది గువ్వ.

"ఉండదే" అంది ఆవిడ. పళ్లు లేక మాట మెత్తగా వచ్చింది. "మీ నాన్న తన వాటా చాక్లెట్లన్నీ నాకే ఇచ్చేసేవాడు. అక్క ఏడిస్తే చూడలేడు. అది కనిపెట్టి రోజూ ఏడ్చేదాన్ని. పెళ్లయిన కొన్నాళ్లకే ఒక్కొక్కటీ ఊడాయి."

"మరి నాన్న పళ్లు?"

"వాడివా? ముత్యాలు."

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాను. కడగడానికి గిన్నెలేమీ లేవు.

తిరిగి వచ్చేసరికి మా వదినగారు ముక్కు చీదుకుని అంటోంది, "ఇంట్లో అసలు పళ్లున్న చిన్నపిల్లవు నువ్వే. ఇకనుంచి నువ్వు తిను, నేను చూస్తాను."

గువ్వ చీజ్ చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. నీళ్లు తాగి నోరు తెరిచింది. ఆవిడ అద్దంతో అటూ ఇటూ వెతికి, "ఏమీ లేదే" అంది.

"ఒక్క ముక్కకే ఎలా తెలుస్తుంది?" అని ఇంకోటి తీసుకుంది గువ్వ.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరూ గుమ్మంలో కూర్చుంటారు. వేరుశనగలు నెగ్గాయి. క్యారెట్, గుడ్డు, తీపి కలపని పెరుగు నెగ్గాయి. ఎండుద్రాక్ష చాక్లెట్ కంటే మొండిగా పట్టుకుంది. బిస్కెట్‌ను మళ్లీ మళ్లీ పరీక్షించి, చివరకు గువ్వే తప్పించింది, మొహం కాస్త దిగాలుగా పెట్టుకుని. కొట్టాయన సబ్బులు తీసి వేరుశనగల డబ్బా ముందుకు జరిపాడు. చాక్లెట్లు మాత్రం దాని వెనకే ఉన్నాయి.

గువ్వ గౌనుకు పిన్నీసు ఇంకా తీయలేదు. నిన్న బిగుతవుతోందంటే కాస్త వదులు చేసి పెట్టాను.