మా గేటు ముంగట డాంబర్

డాంబర్ అంటే నాకు అసహ్యం. రోడ్డు పని చేసి ఇల్లు కట్టుకున్నోడు అనాల్సిన మాట కాదు, గని అంటున్న. ముడి నూనెలకెల్లి పెట్రోలు తీసుకుంటరు, డీజిల్ తీసుకుంటరు, అన్నీ పిండుకున్నంక అడుగున మిగిలే మడ్డి అది. ఆ మడ్డినే మేం లారీల మీదికెల్లి డ్రమ్ములతోని దించుకొని, కట్టెలు దొరకనినాడు పాత టైర్లు కాల్చి మరగబెట్టి, దిల్‌సుఖ్‌నగర్ కాడికెల్లి ఎల్‌బీ నగర్ దాక పోసినం. నా భార్య కంకర మోసింది, నేను డబ్బాతోని డాంబర్ చల్లిన. కాళ్లకు గోనెసంచులు చుట్టుకునేటోళ్లం. కిరసనాయిలుతోని చేతులు తోముకొని అన్నం తింటే ముద్దముద్దకు అదే కంపు. ఆ రోడ్డు నడిమిట్ల ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డయ్. నిలబడనీ, ఆ రోడ్డు మీద నాకేం ప్రేమ లేదు.

ఇప్పుడు మా తీరు మరగబెట్టే పని లేదు. వేడి డాంబర్ ట్యాంకర్ల ఒస్తది. బాటసింగారం అవతల ప్లాంటుల కంకరతోని కలిపి, లారీల నింపి, పైన తాటిపత్రి పట్ట కప్పి పంపుతరు. పొగలు కక్కుకుంట గల్లిలకు ఒస్తది. పని సులువైంది. మనుషుల బుద్ధే ఇంకా అడుగున ఉంది.

మేముండేది మన్సూరాబాద్‌ల ఒక సన్నటి గల్లి. రోడ్డు వేసినప్పుడల్లా పాతది గీకకుండ దాని మీదనే కొత్తది పరుస్తరు. ఇల్లు కట్టిన కొత్తల రోడ్డు మీదికెల్లి మెట్లెక్కి ఇంట్లకు పోయెటోళ్లం. ఇప్పుడు రోడ్డు మీదికెల్లి ఇంట్లకు దిగుతున్నం. గల్లోళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం చెప్తే ఉమ్మబుద్ధి అయితది. లారీ రాంగనే ఎవరింటి ముంగట వాళ్లు నిలబడి పనోళ్లకు చాయ్ ఇస్తరు, మిర్చిబజ్జీ ఇస్తరు. ఎందుకు, పుణ్యానికా? తమ గేటు ముంగట ఇంకో రెండు తట్టలు ఎక్కువ పడాలె. రోడ్డు అక్కడ ఉబ్బాలె. వాన నీళ్లు పక్కింట్లకు పోవాలె. పక్కింటోడు ఇడ్లీ పెడ్తడు, వాని ముంగట ఇంకింత ఉబ్బుతది. ఆఖరికి గల్లి ఒంటె వీపు తీరు అయితది.

మొన్న ఎవరో పెద్ద లీడర్ మా గల్లికి ఒస్తుండని రోడ్డు మొదలువెట్టిండ్రు. కాలనీ సంఘం ప్రెసిడెంటు మా ఎదురింటాయన. ఆంధ్ర దిక్కుకెల్లి ఒచ్చి స్థిరపడ్డడు, నౌకరి చేసి రిటైరైండు. కుర్చీలేయించిండు, చాయ్ పోయించిండు, బజ్జీలు పెట్టించిండు. ఆయన గేటు ముంగట మాలు కుప్పగ పడ్డది. రోలర్ తొక్కినంక ఆ వాలంతా మా దిక్కే.

నేను మేస్త్రి కాడికి పోయిన. "తమ్మీ, మా గేటు బయటికి తెరుచుకుంటది. లోపట జాగ లేదు, తలుపుకు మెట్టు అడ్డమొస్తది. పాత రోడ్డు గీకి వెయ్యి" అన్న.

"గీకుడు మా పనిల లేదు, పెద్దాయనా. పరుసుడే ఉంది."

"అయితే గేటు ముంగట జర సన్నగ పరువు."

"ముందుగాల ఆ గేటు మూసుకో. రోలర్‌కు అడ్డమొస్తది" అని మొకం తిప్పుకున్నడు. వాని చేతుల ఎదురింటి బజ్జీ ఉంది.

నా భార్యకు కిడ్నీలు ఖరాబైనయ్. దినం తప్పి దినం దిల్‌సుఖ్‌నగర్ దవాఖానల డయాలసిస్ మిషిన్ ఎక్కాలె. పోయిన వానకాలం గల్లి మునిగి ఒక్కసారి తప్పింది. ఒంట్ల నీళ్లు నిండి, పండుకుంటే ఊపిరాడక, గోడకు ఒరిగి నోరు తెరిచి కూసున్నది. ఆ గోస నేను చూసిన. ఇంకోసారి చూడలేను.

తెల్లారి ఆటో ఒచ్చింది. ఆమె చీర మార్చుకొని సంచి పట్టుకొని మెట్టు మీద నిలబడ్డది. నేను గేటు నూకిన. కదల్లే. కింది పట్టీ డాంబర్‌ల కూరుకపోయింది. భుజంతోని నూకిన. పిల్లి పట్టే సందు కూడ రాలె.

"ఏమయ్య, ఎక్కి దుంకమంటవా?" అన్నది ఆమె. ఇంట్ల ఈ మూలకెల్లి ఆ మూలకు పోవాలన్నా చేతులు పట్టుకొని నడిపించాలె ఆమెను.

గడ్డపార తెచ్చి, నేనే గోడెక్కి అవతలికి దిగిన. పొడిచిన. ఒక్క పోటుకు రొట్టె పెచ్చు లేసినట్టు లేసింది. కింద ఊడ్వనే లేదు, దుమ్ము దుమ్మే. ఆ దుమ్ముల గుట్కా పొట్లాలు, ఎండిన పేడ, ఎవరిదో తెగిన చెప్పు. వాటి మీదనే పరిచిండ్రు.

ప్రెసిడెంటు లుంగీ మీదనే ఉరికొచ్చిండు. "అదేంటి బాబాయ్ గారూ, నిన్న వేసిన రోడ్డండీ. ఇంకా ప్రారంభం కూడా అవ్వలేదు."

"ప్రారంభం నేను చేస్తున్న గద, సారు."

"జోకులు కాదండీ. గేటు లోపలికి తెరుచుకునేలా మార్చుకుంటే పోయేది కదా. తవ్వడానికి పర్మిషనుందా?"

లోపటికెల్లి మా ఆమె మాట వినవడ్డది. "నాకు ఊపిరి పీల్చనీకి ఎవరి పర్మిషన్ అడగాలె, సారు? మీదేనా?"

అటిటు ఇండ్ల మీద నిలబడి ఫోన్లల్ల వీడియో తీసేటోళ్లు తీస్తుండ్రు. ఒక్కడు కిందికి రాలె. నిన్న పనోళ్లకు చాయ్ గిలాసలు అందించిన చేతులే అవి. ఆటో ఆయన హారన్ కొట్టుడు మానేసి దిగొచ్చి, "జరుగు తాతా" అని గడ్డపార గుంజుకొని పొడిచిండు. గేటు తిరిగేటంత గుంత అయింది. గేటు తెరిచి, ఆమెను చేతులు పట్టి ఎక్కించినం. ఎల్‌బీ నగర్ చౌరస్తల ట్రాఫిక్ ఆగింది. ఆమె ఒగురుస్తుంటే నేను నోటికొచ్చినట్టు తిట్టిన, ఎవర్నని కాదు. "తిట్లు తర్వాత తిడుదువు గని, నీళ్ల సీసా ఇయ్యి, గుక్కెడే" అన్నది.

టైముకే అందినం. మిషిన్ మీద ఉన్నంతసేపు నా గోళ్లల్ల నల్లగ చూసుకుంట కూసున్న.

మాపటికి తిరిగి ఒచ్చేసరికి గుంత లేదు. లీడర్ ఒచ్చే ముందు ప్రెసిడెంటు మళ్ల మాలు తెప్పించి పూడిపించిండు. మేం గేటు తెరిచి పోయినం గద, తెరిచిన గేటు చుట్టూనే పోసి దంచిండ్రు. ఇప్పుడది మూసుకుంటలేదు. గేటు రెక్క రోడ్డు మీదికి అట్లనే నిలబడి ఉంది. దాని మీద లీడర్‌కు చల్లిన బంతిపూలు పడి ఉన్నయ్. లీడర్ దాని పక్కపొంటే నడిచి పోయిండట. ఎవరూ ఏమనలేదట.

నేను గడ్డపార కోసం చూసిన.

"ఉండనియ్" అన్నది మా ఆమె. మిషిన్ దిగినంక ఆమెకు గొంతు లేస్తలేదు. "ఎల్లుండి మళ్ల పోవాలె గద. తెరిచే ఉండనియ్."

అట్లనే ఉంచినం. కుక్కలు లోపటికొస్తున్నయ్, నేను కట్టె పట్టుకొని మెట్టు మీద కూసుంటున్న. ఎదురింటాయన కారు తిప్పినప్పుడల్ల ఆ రెక్కకు గీసుకుంటది. తీసెయ్యమని రెండు దఫాలు అడిగిండు. పర్మిషన్ లేదన్న.