మారికుప్పం రైల్లో హాజరు

మా ఊరి కాలేజీలో చరిత్ర తరగతి ఎత్తేశారని మొదట చెప్పింది మాకు పాలు పోసే మునెమ్మ. ఆ పాఠం చెప్పే మాస్టారిని మారికుప్పం నుంచి బెంగళూరు పోయే రైల్లో ఒక్కసారే కలిశాను. ఆ రోజు ఆయన తరగతికి పిల్లలెవరూ రాలేదట.

“బెంగళూరు దాకా నువ్వైతే పారిపోలేవు, వినమ్మా” అని నవ్వి, బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పేరుకున్న సైనైడ్ దిబ్బను కిటికీలోంచి చూపారు. “తెల్లోళ్లు వాళ్ల గుడ్డకు ఈడ సుంకం తగ్గించి, మన గుడ్డకు ఆడ పెంచినారు. బంగారమూ వాళ్ల సీమకే పాయె, మనకు ఈ దిబ్బ మిగిలె.”

“గనిలో పనిచేసిన మా తాతకు దగ్గు గూడా మిగిలె సార్” అన్నాను.

ఆయన నా పేరడిగి, తరగతిలోలాగే గట్టిగా హాజరు పిలిచారు. బడికి పోకుండా ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్న నేను లేచి నిలబడి, “ఉండాను సార్” అన్నాను.

దేవుడి దయవల్ల నాకు గురువు దొరికారు. ఆయనకే ఇప్పుడు పిలవడానికి పేర్లు లేవు. దేవుడికి దీపం పెట్టేటప్పుడు ఆయనను ఒకసారి తలుచుకోండి.