బల్ల చుట్టూ ఎనిమిది మంది

2023లో నేను అమీర్‌పేటలో ఒక పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో వీడియో ఎడిటర్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మెట్రో దిగి రెండు సందులు తిరిగితే మూడో అంతస్తులో మా గది. గోడల నిండా స్పాంజి అంటించి, బయట స్టూడియో అని బోర్డు పెట్టారు. పై అంతస్తులో మెస్సు. పన్నెండయ్యేసరికి పోపు వాసన స్పాంజిని దాటుకుని వచ్చేస్తుంది, గిన్నెల చప్పుడు మాత్రం రాదు. మా స్టూడియో గొప్పతనం అదే. లెక్చరర్లు బోర్డు దగ్గర చెప్పే పాఠాలను కెమెరాతో తీసి, అక్కర్లేని ముక్కలు కత్తిరించి, ఆన్‌లైన్‌లో పెట్టడం నా పని. అంతకుముందు పన్నెండేళ్లు తెనాలిలో పెళ్లి వీడియోలు చేశాను. ఏడుపు మొహంతో ఉన్న పెళ్లికొడుకుని కూడా నవ్వుతున్నట్టు చూపించగలిగినవాణ్ని. నా చేతిలో పడ్డ వీడియో ఏదైనా చూడముచ్చటగా ఉంటుందని నాకు కాస్త పొగరు. ఈ సంగతంతా ఆ పొగరు గురించే.

ఎండలు ముదురుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర గొంతు వినిపించింది.

"అన్నా, క్లాసుల వీడియోలు చేసేది ఈడ్నేనా?"

తలెత్తి చూస్తే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో తెల్ల కర్ర. పేరు లావణ్య. హాస్టల్లో ఉండి పంజాగుట్ట దగ్గర ఒక కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ ఎం.ఏ. చదువుతోంది. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి చూపు పోయిందట. ఆఖరి సెమిస్టర్‌లో డిజిటల్ మీడియా ప్రాజెక్టు చెయ్యాలి, అంటే ఏదో ఒకటి సొంతంగా తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టి, ఆ లింకు కాలేజీకి ఇవ్వాలి. క్లాసు వీడియో చేస్తానంది.

"వీడియోనా?" అన్నాను. నోరు జారిందని అన్నాకే తెలిసింది.

"మా గైడ్ మేడమ్ సుత గట్లనే అన్నది. నీకు రేడియో ప్రోగ్రామైతే మంచిగుంటదమ్మా అన్నది. కానీ క్లాసులన్నీ వీడియోలల్లనే ఉన్నయి కదన్నా. నేను రేడియో చేస్తే ఆ క్లాసులు మారుతయా?"

కుర్చీ చూపించబోయి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె ఫోన్ తీసి ఒక వీడియో పెట్టింది. అది మాదే. రీజనింగ్ చెప్పే శేషగిరి గారి క్లాసు, నేనే తీసి ఎడిట్ చేసింది. ఆయన గొంతు ఖంగుమంటోంది. "ఇదిగో, దీన్ని తీసుకొచ్చి ఇక్కడ పెడదాం. ఇది ఇక్కడికొస్తే అది అటు పోతుంది. పోయిందా? అంటే ఇక మిగిలింది ఇదే. వచ్చేసింది చూశారా!"

"ఏమొచ్చిందన్నా?" అంది లావణ్య.

ఆ వీడియో నేను కనీసం నాలుగుసార్లు చూసి ఉంటాను. బోర్డు మీద అక్షరాలు ముత్యాల్లా కనిపించాలని లైట్లు రెండుసార్లు మార్చాను. ఏమొచ్చిందో నాకూ తెలియదు.

ప్రాజెక్టు కుదరకపోతే ఏమవుతుందని అడిగాను. "సెమిస్టర్ పోతది. పోతే మల్ల రాస్త, ఫికర్ లేదు. కానీ నాకు క్లాసు వీడియోలు చేసే నౌకరీ కావాలె. ఇది నా చేతుల్ల కాలేదంటే ఇగ ఎవ్వరూ నన్ను ఆ రూములకు రానియ్యరు," అంది.

శేషగిరి గారిది కాకినాడ. పదకొండేళ్లుగా రీజనింగ్ చెబుతున్నారు, పిల్లలు ఆయన క్లాసుకి ముందు బెంచీల కోసం కొట్టుకుంటారు. లావణ్యని వెంట తీసుకెళ్లి, ఈమె ప్రాజెక్టు కోసం బోర్డు చూడకుండానే అర్థమయ్యేలా ఒక పాఠం చెప్పమని అడిగితే ఆయన మొహం మాడ్చుకున్నారు.

"నా పాఠం అర్థం కాలేదని ఇంతవరకు ఒక్కరు కూడా అనలేదమ్మా."

"మీరు చెప్పింది ప్రతిదీ అర్థమైతది సార్. మీరు చూపెట్టిందే అర్థం కాలేదు."

వాళ్లిద్దరి మధ్యా మాటలెందుకని నేను మానిటర్ ఆపేసి, ఆయన క్లాసే ఆయనకు వినిపించాను. మొదటి నిమిషం ఆయన తల ఊపుతూ విన్నారు. రెండో నిమిషంలో ఊపడం ఆగింది. "ఇది అంటే... రెండో డబ్బా అయ్యుంటుంది. కాదు, కింద రాసిన లైనేమో..." అని కాసేపు పైకప్పు కేసి చూశారు. తర్వాత పగలబడి నవ్వారు. "నేను చెప్పిన లెక్క నాకే రావట్లేదేంటయ్యా!"

మర్నాటి నుంచి రికార్డింగ్. ఒక గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరున్నారో కనుక్కోవాలి. ప్రతి పోటీ పరీక్షలోనూ వచ్చే లెక్కే. బోర్డుని వేలితో చూపకుండా చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. "గీతకి ఎడమవైపు మూడో కుర్చీలో కిరణ్" అని చక్కగా మొదలుపెట్టేవారు, అంతలోనే వేలు బోర్డు మీదికి పాకేది, "ఇదిగో ఇతను..." అని మాట జారేది. జారినప్పుడల్లా లావణ్య వేలి కణుపుతో బల్ల మీద టక్కున కొట్టేది. ఎనిమిదో టేక్‌కి ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఏసీ గదిలో చెమటలు కారుతున్నాయి. పాఠం మాత్రం అంత శుభ్రంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఎడిటింగ్ లావణ్యే చేసుకుంది. ఆమె ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ ఉంది, తెర మీద ఉన్నదంతా పైకి చదివి చెప్పే సాఫ్ట్‌వేర్. మౌస్ ముట్టకుండా కీబోర్డు మీదే, ఊపిరి తీసుకున్న చోటు విని కత్తిరించేది. నేను కళ్లు చికిలించి వెతికే కట్ ఆమె చెవికి ఇట్టే దొరికిపోయేది. నన్ను అడిగింది ఒక్కటే. "ఫ్రేముల ఏమున్నదో చెప్పన్నా. బాగున్నదని మాత్రం చెప్పకు." మూడు వారాలు అలా గడిచాయి.

ఆఖరి తేదీ రోజు ఆమెకు సాయంత్రం దాకా క్లాసులున్నాయి. హాస్టల్లో నెట్ నెమ్మది. పూర్తయిన ఫైలు పొద్దున్నే నా సిస్టమ్‌లో పెట్టి, "జర ఈడ్నుంచే అప్‌లోడ్ చేసి, లింకు కాలేజీ ఫారంల పెట్టన్నా, అయిదింటికి బందైతది," అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఖాళీ దొరికి ఆ వీడియో మొత్తం చూశాను. జాలేసింది. పన్నెండు నిమిషాల పాటు ఒక మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంటాడు. ప్రతి వాక్యం తర్వాత మూడు సెకన్లు ఖాళీ. దాన్ని మేం డెడ్ ఎయిర్ అంటాం, దాన్ని కోసి పారేయడం ఈ పనిలో నేర్చుకునే మొదటి పాఠం. పాపం, ఈ పిల్లకి తెలియలేదు, మార్కులు వేసేవాళ్లు కళ్లున్నవాళ్లు కదా అనుకున్నాను. ఫోన్ చేసి ఒక్క మాట అడగొచ్చు. అడగాలని తోచలేదు, అదే నిజం. కూర్చుని ఖాళీలన్నీ తీసేశాను. రంగుల టైటిల్ పెట్టాను. కుర్చీలు గిర్రున తిరిగే గ్రాఫిక్స్ వేశాను. వెనకాల హుషారైన మ్యూజిక్ కలిపాను. పన్నెండు నిమిషాలది ఎనిమిదికి వచ్చింది. నాలుగున్నరకి అప్‌లోడ్ చేసి, లింకు ఫారంలో పెట్టేసి, పుణ్యం చేసుకున్నవాడిలా టీ తాగాను.

అయిదుంపావుకి ఫోన్. "అన్నా, గిది నా వీడియో కాదు."

ఆన్‌లైన్‌లో ఒకసారి పెట్టిన వీడియో బదులు అదే లింకు కింద ఇంకోటి పెట్టడం కుదరదు. కొత్తది పెడితే కొత్త లింకు వస్తుంది. ఫారం మూసేశారు. అరగంటలో ఆమె పంజాగుట్ట నుంచి వచ్చేసింది. మొహం ఎర్రగా ఉంది.

"గా మూడు సెకన్లు ఎందుకు తీసేసినవన్నా? వినెటోళ్లు ఒక్కొక్కల్ని మనసుల కూసోబెట్టుకోవద్దా? నువ్వు అందర్నీ ఒక్కసారి లోపలికి తోసినవ్. మీదికెల్లి మ్యూజిక్!"

నేను మరీ చెడగొట్టాను. "పోనీలేమ్మా, చూడ్డానికి చాలా బాగుంది, మార్కులు బాగా వస్తాయి," అన్నాను.

"చూడనీకి," అందామె. అంతే. నలభై అయిదేళ్ల వయసులో అంత సిగ్గుపడ్డది ఇంకెప్పుడూ లేదు.

మర్నాడు ఇద్దరం వెళ్లి గైడ్ మేడమ్‌ని కలిశాం. తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ మంచిదే, కానీ సబ్మిట్ చేసిన లింకునే చూస్తారంది. వైవా రోజు, అంటే ప్రాజెక్టు గురించి నోటితో అడిగే పరీక్ష రోజు, నన్ను వెనక కూర్చోనిస్తానంది.

వైవాకి బయటి నుంచి ఒక ప్రొఫెసర్ గారు వచ్చారు. గోడ మీద తెర దించి వీడియో వేశారు. నా టైటిల్, నా తిరిగే కుర్చీలు, నా మ్యూజిక్. ఆయన ముచ్చటపడిపోయారు. "ఎడిటింగ్ ఎంత నీట్‌గా ఉందమ్మా! చూపు లేని అమ్మాయి చేసిందంటే నమ్మలేకపోతున్నాను."

వెనక బెంచీలో నేను హమ్మయ్య అనుకున్నాను. నా తప్పు గట్టెక్కింది, పిల్ల పాసైపోయింది. గైడ్ మేడమ్ కూడా కళ్లు దించుకుని ఊరుకుంది.

లావణ్య లేచి నిలబడింది. "నమ్మకుండ్రి సార్. అది నేను చెయ్యలే. చేసినాయన వెనక కూసున్నడు. నేను చేసింది నా ల్యాప్‌టాప్‌ల ఉన్నది, జర వింటరా?"

తెర ఆపించి, ప్రొఫెసర్ గారికీ గైడ్ మేడమ్‌కీ తెల్లకాగితాలు ఇచ్చి, వింటూ ఎనిమిది మందినీ బల్ల చుట్టూ గీయమంది. ముందు నాది వినిపించింది. నాలుగో మనిషి దగ్గరే ప్రొఫెసర్ గారు పెన్ను కింద పెట్టేశారు. తర్వాత ఆమెది. ఒక వాక్యం, మూడు సెకన్ల నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో పెన్ను గీసిన చప్పుడు. పన్నెండు నిమిషాలయ్యేసరికి ఆయన కాగితం మీద ఎనిమిది మందీ ఎవరి కుర్చీలో వాళ్లున్నారు. ఆయన ఆ కాగితం కేసి చాలాసేపు చూశారు.

"రూలు ప్రకారం ఆ లింకుకే మార్కులు వెయ్యాలమ్మా. ఆలోచన, స్క్రిప్టు నీవే కాబట్టి దాని మీద ఫస్ట్ క్లాస్ వేసి ఇప్పుడే పంపగలను. లేదంటే అది రద్దు చేసుకుని సప్లిమెంటరీలో నీది పెట్టుకో. నాలుగు నెలలు ఆలస్యమవుతుంది, పైగా మార్కుల మెమో మీద సప్లీ అని ఉంటుంది. నీ ఇష్టం."

"రద్దు చెయ్యండి సార్," అంది, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

బయట బస్టాపులో నిలబడ్డాం. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద హారన్ల మోతలో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఉండబట్టలేక అడిగాను, "చేతికొచ్చిన ఫస్ట్ క్లాస్ వదిలేశావు. నా మీద కోపమా?"

"కోపం మొన్ననే అయిపోయిందన్నా. గా వీడియో మీద పాసైతే నౌకరీల గసుంటిదే ఇంకోటి చెయ్యమంటరు. అప్పుడు సుత నువ్వొస్తవా?"

ఆమె బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. సప్లిమెంటరీలో ఆ వీడియోతోనే పాసైంది. ఇప్పుడు ఇంకో సంస్థలో క్లాసు వీడియోలు చేస్తోంది, సొంతంగా. నేను ఆమెను ఒక్క సాయంత్రం గట్టెక్కించాలనుకున్నాను. ఆమె అప్పటికే ఆ తర్వాతి ముప్పై ఏళ్ల గురించి ఆలోచిస్తోంది. జాలిపడేవాడికి అంత దూరం కనబడదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరి ఫైలు నా చేతికొచ్చినా పని మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి, ఇందులో నేను ముట్టుకోకూడనిది ఏదో చెప్పమని అడుగుతాను.