మామ ఖాళీగా వదిలిన పేజీలు

మొన్న ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనులో ప్రచురణకర్తల సందేశం వచ్చింది, నేను యవ్వనం నుంచీ కాచుకున్న జర్మన్ తత్వవేత్త గ్రంథానికి సంపూర్ణ ఆంగ్లానువాదం మళ్ళీ వాయిదా పడిందట. ఇది ఎన్నోసారో గుర్తుపెట్టుకోవడం మానేశాను. మన ఈడువాళ్ళకు పుస్తకం కోసం ఎదురుచూడడం కొత్త కాదు గానీ, ఈసారి వచ్చిన కోపంలో సగం నా మీదే.

మా మేనమామ ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నేను ఆదోనిలో కొత్తగా బడిపంతులుగా చేరిన రోజుల్లో, పాత పుస్తకాల బండి మీద ఆ గ్రంథానికి కుదించిన ఇంగ్లీషు అనువాదం దొరికితే, ప్రతి ఆదివారం వెళ్ళి మగ్గం పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాణ్ణి. మామ నేత ఆపి, చేతులు తుడుచుకుని నోటుపుస్తకంలో రాసుకునేవాడు, అంచుల్లో ఆ జర్మనీ పెద్దాయనతో పోట్లాడేవాడు. అది మామ భార్య, మా అత్త, చనిపోయిన ఏడాది. పోయినవాళ్ళ గురించిన మూడు అధ్యాయాలే ఆ అనువాదంలో లేవు. మామ వాటికోసం ఖాళీ పేజీలు వదిలాడు. రంగు నూలు చాలకపోతే అదే అద్దకం నూలు వచ్చేదాకా మగ్గం నిలిపేసే మనిషి ఆయన, వేరే అద్దకం కలిపితే చీరలో చార కనిపిస్తుందని.

గడప దాటకముందే "ఏమప్పా అల్లుడా, పూర్తిది వచ్చెనా?" అనేవాడు. లేదని చెప్పీ చెప్పీ విసిగి, ఒక వేసవి సెలవుల్లో ఆ అధ్యాయాలు నేనే కల్పించి రాసి, బెంగుళూరు గ్రంథాలయంలో పూర్తి అనువాదం చూసి ఎత్తి రాసుకొచ్చానని అబద్ధమాడాను. ఆయన అంతా ఓపికగా ఆ ఖాళీ పేజీల్లోకి దించుకుని, కళ్ళద్దాలు తీసి, "ఈడ మాత్రం ఆయప్ప రవ్వంత అలిసిపోయినట్టుండాడు కదప్పా," అన్నాడు. అనువాదం అట్లుందేమో మామా అని తప్పించుకున్నాను. ఆ తర్వాత ఆయన పూర్తిది వచ్చెనా అని అడగనే లేదు, నమ్మాడనుకున్నాను.

మామ పోయి రెండేళ్ళయింది. ఆయన స్నేహితులు ఆ నోటుపుస్తకం అచ్చువేయిస్తామని, నన్ను ముందుమాట రాయమని పిలిస్తే మొన్న వెళ్ళాను. అసలు అనువాదం ఈలోగా వచ్చేస్తే నా అధ్యాయాలు గుట్టుగా మార్చేయొచ్చని ఆశపడ్డాను కాబట్టే ఆ వాయిదా నన్నంత మండించింది. నోటుపుస్తకం తెరిచాను. అంచుల నిండా మామ పోట్లాటలే, నా పేజీల పక్కన మాత్రం ఒక్క అక్షరం లేదు. అవి అయిపోయిన చోట, మగ్గం నూలుతో కుట్టి చేర్చిన కొత్త కాగితాలు, అన్నీ ఖాళీవే.

అందుకని, చదివేవాళ్ళకు తెలియాలని ఇక్కడ చెబుతున్నాను: ఆ మూడు అధ్యాయాలు నావి, తీసేయమని ఆయన స్నేహితులకూ చెప్పాను. ఇప్పుడు ఏ పుస్తకమైనా క్షణంలో ఫోనులోకి వచ్చిపడుతోంది. ఒక్క పుస్తకం కోసం కాగితాలు కుట్టుకుని కూర్చునేవాళ్ళు నాకు కనబడడం లేదు. ఆ అనువాదం ఎప్పటికైనా వస్తుంది, ఆ కాగితాలు నేనే నింపుతాను. గడప దగ్గర వచ్చెనా అని అడిగే మనిషే లేడు.