రాహుకాలంలో ఎక్కిన వైర్‌లెస్ పుల్ల

ఇప్పుడంటే చిన్న పిల్లలు కూడా నెట్ లేదని అన్నం ముట్టరు గానీ, బోధన్‌లో మా గల్లీలోకి కంప్యూటర్ కొత్తగా దిగిన కాలంలో దాని ముందు కూర్చోవాలంటే కాళ్లు కడుక్కొని రావాలేమో అన్నట్టుండేది. నాకప్పటికే నలభై దాటాయి. అయినా దీన్ని నా పడుచుదనపు ముచ్చటగానే చెప్పుకుంటాను, ఎందుకంటే కంప్యూటర్ విషయంలో నేనప్పుడు పలక పట్టిన పిల్లగాన్నే. నా బడి ఎనిమిదితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా చెరుకు తోటల్లో కాలిపోయిన మోటార్ల దగ్గరే. వైండింగ్ నేర్పినవాడు లేడు, ఇంగ్లీషు నేర్పినవాడు లేడు; రెండూ విప్పి చూసి, పాడుచేసి, మళ్లీ కట్టి నేర్చుకున్నవే. అలాంటి మనిషికి "నీతోని కాదు" అన్న మాట ఎక్కడ మండుతుందో వేరే చెప్పాలా?

ఆ మాట అన్నది మా బావ. మా అక్క మొగుడు, గోడ అవతలి ఇల్లే ఆయనది. గల్లీ మొత్తానికి ఇంటర్నెట్ ఉన్నది ఆ ఒక్క ఇంట్లోనే. ఆయన ల్యాప్‌టాప్ మాత్రం కొడుకు వెంట హైదరాబాద్ పోయింది. నెట్ డబ్బా ఒక్కటే గోడకు వేలాడుతూ ఎవరి కోసమో మిణుకు మిణుకుమంటుండేది. ఆ ఎండాకాలం దాటినాక మా బిడ్డకు ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చింది. కాలేజీల ఆప్షన్లు నెట్‌లో ఎవరికి వారే పెట్టుకోవాలన్నారు. మంగళవారం సాయంత్రం ఐదింటితో బంద్. పెట్టకపోతే పిల్ల ఏడాది పోయినట్టే. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో వెనకవాళ్లు తొందరపెడితే ఎవరో పిల్ల ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కి ఏడ్చుకుంటూ బయటికొచ్చిందట. అది విన్నప్పటి నుంచి మా బిడ్డ "నేను ఇంట్లనే కూసొని నిమ్మళంగ పెట్టుకుంట బాపూ" అని ఒక్కటే మాట.

ఇంట్లో ఎవరో వాడి అమ్మితే కొన్న పాత కంప్యూటర్ ఉంది. బావ నెట్ ఇస్తానన్నాడు. "గని గోడకు రంధ్రం కొడ్తనంటె ఊకోను, మొన్ననే సున్నం ఏసిన" అన్నాడు. (సున్నం ఆయనది, గోడ ఇద్దరిదీ. ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి.) వైరు వద్దంటే గాలిలో రావాలి. అందుకని సోమవారం నిజామాబాద్ పోయి, వేలెడంత వైర్‌లెస్ పుల్లను తెచ్చాను. కంప్యూటర్ వెనక గుచ్చితే గాలిలోని నెట్‌ను పట్టుకుంటుందట. దాంతోపాటు ఒక సీడీ. పుల్ల మాట కంప్యూటర్‌కు, కంప్యూటర్ మాట పుల్లకు తెలియజెప్పే దుబాసీ ఒకడుంటాడు, వాణ్ని డ్రైవర్ అంటారు, వాడు ఆ సీడీలో ఉంటాడు. ముందు సీడీ వేసి, వాణ్ని లోపల కూర్చోబెట్టి, ఆ తర్వాతే పుల్ల గుచ్చాలి. దుకాణంలో చెప్పారు కూడా. నేను తలూపాను కూడా.

ఇంటికొచ్చేసరికి మా అవ్వ, అంటే మా అమ్మ, గడపలోనే నిలబడి ఉంది.

"రేపు మంగళారం. కొత్త వస్తువు మంగళారం మొదలువెడ్తర్రా ఎవలన్న? ఇయ్యాల్నే పెట్టు. మంచి గడియ దాటిపోతున్నది."

"అవ్వా, ముందుగాల సీడీ ఎయ్యాలె. కంప్యూటర్ లేవాలె. జర టైం పడ్తది."

"నీ సీడీ కోసం గడియ ఆగుతదా? ఆ పుల్ల పెట్టు ముందు. ఎనుక ఏం జేస్కుంటవో జేస్కో."

పెట్టాను. పుల్లకు పసుపు, కుంకుమ, ఊదుబత్తి పొగ. సరిగ్గా గడియలో గుచ్చాను. కంప్యూటర్ లేచీ లేవగానే ఇంగ్లీషులో ఏదో అడిగింది. 'నెక్స్ట్' నొక్కాను. మళ్లీ అడిగింది, మళ్లీ నొక్కాను. పెళ్లిలో అయ్యగారు అనమన్న మంత్రమల్లా అనే పెళ్లికొడుకులా ఉంది నా పని. చివరికి తన దగ్గరున్న ఎవడో పాత దుబాసీని తెచ్చి పుల్ల పక్కన కూర్చోబెట్టుకుంది. నెట్ రాలేదు. సరేలే అని అప్పుడు సీడీ వేశాను. 'పూర్తయింది' అన్నది, నెట్ మాత్రం రాలేదు. లోపలి సామాన్ల జాబితా తెరిచి చూస్తే పుల్ల పేరు పక్కన పసుపు రంగు గుర్తొకటి. అవ్వ కళ్లద్దాలు సర్దుకొని చూసి, "సూసినవా, మిషను గూడ బొట్టు పెట్టుకున్నది" అని సంతోషపడింది. అది తప్పు గుర్తని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మంగళవారం పొద్దున్నుంచీ కుస్తీ. ఈ బెజ్జంలో తీసి ఆ బెజ్జంలో పెట్టాను, సీడీ మళ్లీ మళ్లీ వేశాను, కంప్యూటర్‌ను పడుకోబెట్టి లేపాను. 'పరికరం మొదలుకాలేదు' అంటుంది. ఎందుకు కాలేదో చెప్పదు. ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువు తన రోగమేందో చెప్పకుండా రోగముందని మాత్రం చెబితే ఎవరికి మండదండీ? నూతిలోని మోటారు కూడా కాలితే వాసనైనా ఇస్తుంది.

కిటికీ బయట గోడ మీదుగా బావ తల లేచింది. "ఏం బామ్మర్దీ, చెరుకు తోట మోటరనుకున్నవా, నాలుగు తన్నులు తంతె తిరుగుతందుకు?"

"మోటర్‌ను తన్నేటోడు మెకానిక్ గాదు బావా, ఓనర్."

"నీతోని కాదుర బై. పిల్లను నేనే తోల్కపోత నెట్ సెంటర్‌కు."

అంతలో కరెంటు పోయింది. కోత మధ్యాహ్నమంతా ఉంటుంది. చీకటి గదిలో తడిసిన బనీనుతో కూర్చున్నాను. బిడ్డ జడ వేసుకొని, కాగితాలన్నీ సంచిలో సర్దుకొని వచ్చి, "పోనీ తియ్ బాపూ. అక్కడ్నే పెట్టుకుంట, ఏం గాదు" అన్నది. బావ మాట మండించింది గానీ, ఈ మాట కోసింది.

"కరెంటు వచ్చేదాంక ఆగు బిడ్డా" అన్నాను. ఆగమన్నాను గానీ వచ్చాక ఏం చేయాలో తెలియదు. చేతికి పని లేక పక్కనున్న పాత మోటారు తిప్పుతూ కూర్చున్నాను. ఎవరో తెలివితక్కువ మెకానిక్ దానికి తప్పు నంబరు బేరింగు ఎక్కించాడు. అది పీకితే తప్ప సరైనది ఎక్కదు... అక్కడ ఆగిపోయాను. నేను పొద్దున్నుంచీ చేస్తున్నదేమిటి? తప్పు బేరింగు మీద ఒప్పు బేరింగు పెట్టి సుత్తెతో కొట్టడమే. కంప్యూటర్ నిన్న గడియలో కూర్చోబెట్టుకున్న ఆ పాత దుబాసీ లేస్తే గదా సీడీలోని వాడు కూర్చునేది. (ఎవరో తెలివితక్కువ మెకానిక్ అన్నాను చూశారూ, ఆ మాట వెంటనే వెనక్కి తీసుకున్నాను.)

మూడు దాటాక కరెంటు వచ్చింది. పుల్ల పీకేశాను. పాత డ్రైవర్‌ను జాబితాలోంచి వెళ్లగొట్టాను. కంప్యూటర్ పడుకొని లేచింది. సీడీ వేశాను. అంతా సాఫీగా జరిగి, 'ఇప్పుడు పరికరం పెట్టండి' అని అడిగింది. నిన్నటి నుంచి ఆ మర్యాద మాట వినడం అదే మొదటిసారి. పుల్ల తీసుకొని వంగాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"మంగళారం, అండ్ల రాహుకాలం. నాలుగున్నర దాంక ముట్టకు."

"అవ్వా, ఐదింటికి బంద్. పిల్ల సదువు."

"పిల్ల సదువనే చెప్తున్న. రాహుకాలంల పెట్టింది నిలుస్తదా?"

గోడ మీదుగా బావ తన చేతి గడియారం చూపిస్తున్నాడు. బిడ్డ నా వైపు కాకుండా నాయనమ్మ వైపు చూస్తోంది. నాకు మా అమ్మ మాట దాటే ధైర్యం లేదు, ఆగే వ్యవధీ లేదు. అవ్వ మనుమరాలి మొహం చూసింది, చేతిలో సంచి చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇగో, నిన్న మంచి గడియల పెట్టినమా లేదా?"

"పెట్టినం."

"మరింక ఇయ్యాల పెట్టుడు మొదలెట్లయితది? మొదలు నిన్ననే అయింది. ఇది ఊడింది మల్ల పెట్టుడు. దానికి రాహుకాలం లేదు. పెట్టు."

ఏ పంచాంగంలో ఉందో ఆ సూత్రం నాకు తెలియదు. పెట్టాను. పుల్ల కొనన ఆకుపచ్చ దీపం వెలిగింది. పసుపు గుర్తు పోయింది. తెర మూలన బావ డబ్బా పేరు ప్రత్యక్షమై పాస్‌వర్డ్ అడిగింది. "చెప్పు బావా" అన్నాను. ఆయన మొదటిసారి తడబడ్డాడు. "వచ్చి రాసిస్త" అన్నాడు. "టైం లేదు, చెప్పు" అన్నాను. గొంతు తగ్గించి చెప్పాడు. మా అక్క పేరు. గోడ అవతల వంటింట్లోంచి అక్క, "ఏందీ, నన్ను పిలుస్తున్నరా?" అన్నది. గల్లీ మొత్తం మీద ఆమెను కసురుకోకుండా ఆయన పేరుపెట్టి పలికింది ఆ ఒక్క రోజే అనుకుంటాను.

మా బిడ్డ నిమ్మళంగా, ఒక్కొక్కటీ చూసుకుంటూ ఆప్షన్లు పెట్టుకుంది. ఐదు కాకముందే లేచి, "అయింది బాపూ" అన్నది. నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎవరైనా ఏమైందని అడిగితే చెబుదామని. ఎవరూ అడగలేదు. పాల బర్రెను తోలుకుపోతున్న మనిషిని నేనే ఆపి చెప్పాను. పాపం, చివరిదాకా విన్నాడు. పిల్లకు నిజామాబాద్‌లోనే, అడిగిన బ్రాంచీలోనే సీటు వచ్చింది. వారం తిరగకుండా బావ వచ్చి, గోడ మీద చేతులు పెట్టి, "బామ్మర్దీ, మా తానికి జర రా, ప్రింటర్ ఎందుకో అలిగింది" అన్నాడు. నేను అన్నం మొత్తం తిని, చెయ్యి కడుక్కొని, అప్పుడు పోయాను.

మొన్న కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. పెట్టె విప్పి, కళ్లద్దాలు తుడుచుకొని, స్క్రూడ్రైవర్ కూడా పక్కన పెట్టుకొని కూర్చున్నాను. నేను కళ్లద్దాలు పెట్టుకునేలోపే అది నెట్‌ను వెతుక్కొని, కలుపుకొని, ఇంకేం కావాలన్నట్టు నా మొహం చూసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. నన్ను ఇంత అవమానించిన యంత్రం ఇంకొకటి లేదు. స్క్రూడ్రైవర్ పట్టుకొని చాలాసేపు దాని ముందే కూర్చున్నాను, ఒక్కసారైనా మొరాయించకపోతుందా అని.