తెల్లసొన తిన్న బొమ్మలాయన

బ్రిక్సెన్ ఊళ్ళో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చర్చి బొమ్మలాయన అంటే చాలు. ముక్కు మీద ఎప్పుడూ నీలం చుక్క, గోళ్ళలో బంగారు రేకు. గుడ్డు పగలగొట్టి, పచ్చసొనను ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లించి తడి ఆర్చి, రంగులో కలిపేవాడు. మరియమ్మ బుగ్గలకు పట్నం కోడి గుడ్డే వాడేవాడు, సొన రంగు లేతగా ఉంటుందని. ముసలి పునీతులకు పల్లెటూరి కోడిది.

చిక్కంతా మిగిలిపోయే తెల్లసొనతో వచ్చింది. ఈస్టరు ముందు నలభై రోజులూ గుడ్డు తినడం పాపం. చర్చి పీఠం మీది బొమ్మేమో ఈస్టరుకే కావాలి. ఓ మధ్యాహ్నం పని చూద్దామని ఫాదర్ ఓస్వాల్డ్ వచ్చేసరికి బొమ్మలాయన పెనం ముందున్నాడు, పక్కన ఉప్పు చిప్ప, మీసానికి తెల్లటి ముక్క అంటుకుని. ఈ పని ఇంకొకడికి ఇచ్చేస్తారన్న భయంతో గబగబా మీసం తుడుచుకున్నాడు.

"ఏమిటయ్యా అది?"

"బంగారు రేకు అంటించడానికి తెల్లసొన, ఫాదర్."

"రేకుకి ఉప్పు కూడా వేస్తారా?"

ఆయన తల దించుకున్నాడు. "పారబొయ్యడానికి చెయ్యి రాలేదు ఫాదర్. పద్దెనిమిది రోజుల్నుంచీ తింటున్నాను."

ఫాదర్ బొమ్మనూ పెనాన్నీ మార్చి మార్చి చూశారు. "ప్రాయశ్చిత్తంగా ఆ మూల ఇంకో దేవదూతను వెయ్యి. ఎన్ని గుడ్లు పడతాయి?"

"ఆరు."

"పచ్చసొనలు దేవదూతకి. మిగతాది పారబొయ్యకు," అని ఫాదర్ తలుపు గడియ పెట్టి, పెనం దగ్గరకు పీట లాక్కున్నారు.